స్పెయిన్ లికోర్లు: సోంపు రుచి నుండి సింకోనా చేదు దాకా ఒక సమగ్ర మార్గదర్శి

తెలుగులో లిక్కర్ అంటే బ్రాందీ, విస్కీ, రమ్ము అన్నిటికీ కలిపి వాడే గంపగుత్త మాట. స్పెయిన్ సీసాల మీద కనిపించే "లికోర్" అన్న మాటకు అంతకంటే ఇరుకైన, కచ్చితమైన అర్థం ఉంది. పండో, పువ్వో, బెరడో, గింజో సారాలో నానబెట్టి గానీ, దానితో కలిపి బట్టీ పట్టి గానీ, ఆపైన తీపి చేర్చినదే లికోర్. ఐరోపా సమాఖ్య చట్టం ప్రకారం అందులో ఆల్కహాలు కనీసం 15 శాతం, చక్కెర సాధారణంగా లీటరుకు కనీసం 100 గ్రాములు ఉండాలి. "క్రేమా దే" అని మొదలయ్యే పేరుతో అమ్మేవాటిలో చక్కెర 250 గ్రాములకు తగ్గకూడదు. పాలమీగడ కలిపిన లికోర్ల సంగతి వేరు.

ఈ పానీయాలను తెలుసుకోదలచినవారు చాలామంది దుకాణంలో అందమైన సీసా చూసి మొదలుపెడతారు. ఆ దారిలో తొలిసారే మింగుడుపడని మందుచేదు ఎదురైతే అక్కడితో ఆగిపోయే ప్రమాదం ఉంది. నాలుకకు ఇదివరకే తెలిసిన రుచితో మొదలుపెట్టి, తెలియని రుచి వైపు ఒక్కో మెట్టూ ఎక్కడం మేలు. ఆ వరుసనే ఇక్కడ ఇస్తున్నాను. స్పెయిన్‌లో 18 ఏళ్లు, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో 21 ఏళ్లు నిండినవారికే మద్యం అనుమతి ఉన్నది కనుక ఈ రాత వారికోసమే.

ముందుగా: ఎప్పుడు, ఎంత, ఏ గ్లాసులో

స్పెయిన్‌లో వీటికి ఎక్కువగా దక్కే చోటు భోజనం ముగిసిన తరువాతి వేళ. విస్తరి ఎత్తేశాక కూడా లేవకుండా బల్ల చుట్టూ కూర్చుని కబుర్లాడుకునే ఆ సమయానికి "సోబ్రెమేసా" అని ప్రత్యేకమైన పేరే ఉంది. మన వైపు భోజనానంతరం తాంబూలం పళ్లెం తిరిగినట్టు, అక్కడ చుపీతో అనే బుల్లి గ్లాసులు తిరుగుతాయి. చిన్న భోజనశాలల్లో బిల్లు కట్టాక యజమానే సీసా తెచ్చి, డబ్బు తీసుకోకుండా తలా ఒక చుపీతో పోయడం ఇప్పటికీ కనిపించే మర్యాద.

గ్లాసులో 30 మిల్లీలీటర్లు పోస్తే చాలు. చుపీతో అన్న పేరు చప్పరించడమనే అర్థమున్న క్రియ నుండి వచ్చింది. ఒక్క గుక్కలో దించేస్తే పానీయంలోని తీపి, కారపు మంట తప్ప మరేమీ తెలియవు. కొత్త లికోరును మొదటిసారి రుచి చూసేటప్పుడు రెండు గ్లాసులు పెట్టుకుని, ఒకదానిలో ఫ్రిజ్‌లో చల్లబరచినదాన్ని, రెండోదానిలో గదివేడిమిలో ఉన్నదాన్ని పోసి పోల్చి చూడండి. చలువ తీపిని అణచి పానీయాన్ని తేలిక చేస్తుంది, వెచ్చదనం వాసనను విప్పుతుంది. ఏ సీసాకు ఏది నప్పుతుందో ఈ పోలికే చెబుతుంది.

మొదటి మెట్టు: అనీస్, అంటే మనకు తెలిసిన సోంపు వాసన

తెలుగువారి నాలుకకు అన్నిటికంటే దగ్గరగా ఉండేది అనీస్. ఇది మనం తినే సోంపు కాదు, దాని బంధువైన వేరొక మొక్క గింజ. అయితే సోంపులోనూ, బిరియానీలో వేసే అనాసపువ్వులోనూ, ఈ గింజలోనూ ఆ తియ్యని ఘాటుకు కారణం అనెథోల్ అనే ఒకే పదార్థం. అందుకే అనీస్ గ్లాసు ముక్కు దగ్గరకు తేగానే హోటల్లో బిల్లుతోపాటు వచ్చే సోంపు గిన్నె గుర్తుకు వస్తుంది.

అనీస్ దుల్సే, సేకో అని రెండు రకాలుగా దొరుకుతుంది. దుల్సే అంటే తీపి, సేకో అంటే తీపి లేనిది లేదా అతి తక్కువ తీపి ఉన్నది. కచ్చితంగా చెప్పాలంటే తీపి రకమే లికోర్ లెక్కలోకి వస్తుంది. మొదలుపెట్టేవారు దానినే ఎంచుకోవాలి. మాడ్రిడ్ దగ్గరి చిన్చోన్ పట్టణం ఈ పానీయానికి ప్రసిద్ధం. బంగనపల్లె మామిడికి ఉన్నట్టే దీనికీ భౌగోళిక గుర్తింపు ఉంది. చిన్చోన్ తీపి రకంలో ఆల్కహాలు 35 నుండి 40 శాతం దాకా ఉంటుంది, "సేకో ఎస్పెసియాల్" అని రాసి ఉన్నదానిలో మాత్రం 70 శాతం దాటుతుంది. రెండు సీసాలూ పక్కపక్కనే ఉంటాయి కనుక లేబుల్ చదవకుండా తీసుకోకూడదు. దక్షిణాన కోర్దోబా ప్రాంతంలోని రూతే, సెవీయా ప్రాంతంలోని కసాయా కూడా అనీస్ ఊళ్లే.

ఇంట్లో మొదటిసారి చేసుకోవలసినది "పలోమీతా", అంటే చిన్న పావురం. పొడవాటి గ్లాసులో ఒక వంతు అనీస్ పోసి, దాని మీద నాలుగైదు వంతుల చల్లని నీరు నెమ్మదిగా వదలండి. స్వచ్ఛమైన నీళ్లలా ఉన్న ద్రవంలో ముందు సన్నని పొగలాంటి చారలు కదులుతాయి, క్షణాల్లో గ్లాసంతా బియ్యం కడిగిన నీళ్లలా తెల్లబడుతుంది. అనెథోల్ ఆల్కహాలులో కరుగుతుంది గానీ నీటిలో కరగదు. నీరు పెరిగి ఆల్కహాలు పలచబడగానే అది అతి సన్నని నూనె బొట్లుగా విడిపోయి వెలుగును చెదరగొడుతుంది, ఆ తెలుపు అదే. ఐసు వేయాలనుకుంటే నీటి తరువాతే వేయాలి. ముందే వేస్తే చలికి అనెథోల్ పలుకు కట్టి గ్లాసు పైన పొరలా తేలుతుంది.

ఈ విషయం తెలియని రోజుల్లో నేను ఒక తీపి అనీస్ సీసాను రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచాను. ఉదయానికి లోపల తెల్లని రేకులు మంచుపూలలా తేలుతుంటే పాడైపోయిందనుకుని పారబోయబోయాను. బల్ల మీద రెండు గంటలు ఉంచేసరికి మళ్లీ అద్దంలా తేటపడింది. కాబట్టి అనీస్‌కు ఫ్రిజ్ చాలు, ఫ్రీజర్ వద్దు.

రెండో ప్రయోగంగా "సోల్ ఇ సోంబ్రా" చేసుకోవచ్చు. ఎండా నీడా అని ఆ పేరుకు అర్థం. తెల్లని తీపి అనీస్, స్పెయిన్ బ్రాందీ సమపాళ్లలో బొజ్జ గ్లాసులో కలుపుతారు. చదవడానికి ఎంత సున్నితంగా ఉన్నా ఇది మొరటు పానీయమే, ఒకటి చాలు.

రెండో మెట్టు: పచరాన్

నన్ను ఒక్క సీసా మాత్రమే చెప్పమంటే నేను చెప్పేది నవార్రా ప్రాంతపు పచరానే. సోంపు మెట్టు దాటినవారికి ఇది సహజంగా వచ్చే తరువాతి మెట్టు, ఎందుకంటే దీని పునాది కూడా అనీస్ సారాయే. అందులో ఎంద్రీనా అనే పండ్లను నానబెడతారు. ఆల్‌బుకరా పండుకు అడవి చుట్టమైన ఈ పండు ముళ్లపొదకు కాస్తుంది. శనగగింజ కంటే కాస్త పెద్దదిగా, నల్లని నీలిరంగులో, పైన బూడిద పూతతో ఉంటుంది. పచ్చిగా కొరికితే వగరుకు నాలుక పట్టేస్తుంది. ముగ్గని నేరేడు పండు నమిలిన అనుభవం ఉన్నవారికి ఆ వగరు వేరే వర్ణించనక్కరలేదు. ఆ వగరే లికోరులో తీపిని మొహం మొత్తకుండా నిలబెడుతుంది.

"పచరాన్ నవార్రో" అన్న భౌగోళిక గుర్తింపు ఉన్న సీసాకు నియమాలు గట్టివి. ప్రతి లీటరుకూ 125 నుండి 300 గ్రాముల దాకా పండు వాడాలి, నానబెట్టే కాలం ఒక నెలకు తగ్గకూడదు, ఎనిమిది నెలలకు మించకూడదు, చివరికి ఆల్కహాలు 25 నుండి 30 శాతం మధ్య ఉండాలి. గుర్తింపు లేని చవక సీసాలలో ఈ భరోసా ఉండదు. అందుకే నాలుగు డబ్బులు ఎక్కువైనా నవార్రా ముద్ర ఉన్నదే కొనడం మంచిది. గ్లాసును తెల్లని కాగితం ముందు పట్టి చూడండి. మంచి పచరాన్ అంచున కూడా ఎర్రగానే ఉంటుంది. ఇటుకరంగు తిరిగిందంటే సీసా పాతబడిందని అర్థం. వైన్‌లా దాచి ముదరబెట్టే సరుకు కాదిది, కొన్న ఒకటి రెండేళ్లలో తాగేయాలి.

దీనిని ఫ్రిజ్ చలువలో, ఐసు లేకుండా ఇవ్వడం ఉత్తమం. ఐసు కరిగేకొద్దీ వగరు, తీపి విడివిడిగా తేలిపోతాయి. వేసవిలో ఒక ముక్క వేసుకుంటే తప్పు పట్టేవారూ లేరు. వేయించిన బాదంపప్పు, గొర్రెపాల జున్ను, నల్లని చాక్లెట్ దీనికి తోడు వస్తాయి.

నవార్రాలో ఇంటికొక పచరాన్ పాళ్లు ఉంటాయంటే అతిశయోక్తి కాదు. చేసే పద్ధతిలో చిక్కేమీ లేదు. ఇంగ్లండ్, ఐర్లండ్ వంటి చోట్ల ఉంటున్న తెలుగువారికి ఇదే పండు పొలాల కంచెల్లో శరత్కాలంలో దొరుకుతుంది కనుక వారు నిజంగానే చేసుకోవచ్చు. పండ్లను బాగా గుర్తుపట్టగలిగినవారు పక్కన ఉంటేనే కోయాలి.

పావు కిలో పండ్లు తీసుకుని, పగిలినవి, ముడతపడినవి ఏరి పారేసి, కడిగి, గుడ్డ మీద ఆరబెట్టండి. ఆవకాయ జాడీకి ఉన్నంత పట్టింపు దీనికి అక్కరలేదు గానీ తడి ఎంత తక్కువైతే అంత మంచిది. రెండు లీటర్ల గాజు సీసాలో పండ్లు వేసి, దుకాణంలో కొన్న తీపి అనీస్ సారా ఒక లీటరు పోసి, మూడు కాఫీ గింజలు, వేలి కణుపంత దాల్చినచెక్క వేయండి. స్పెయిన్ దుకాణాల్లో దీనికోసమే అమ్మే అనీస్ ఉంటుంది. మూత బిగించి చీకటి అలమరాలో ఉంచి, వారానికి ఒకసారి సీసాను తిరగేసి మళ్లీ నిలబెట్టండి. వారం తిరిగేసరికి గులాబీరంగు, నెల తిరిగేసరికి దానిమ్మగింజ ఎరుపు వస్తుంది. మూడు, నాలుగు నెలలకు పలచని గుడ్డలో వడకట్టాలి. అప్పుడు పండ్లను పిండాలన్న కోరిక కలుగుతుంది, పిండకూడదు. పిండితే గుజ్జు దిగి పానీయం మసకబారుతుంది. ఇంకా నెలలకొద్దీ అలాగే వదిలేస్తే గింజల నుండి చేదుబాదం వాసన దిగడం మొదలవుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇది కొన్న సారాలో నానబెట్టడం మాత్రమే. ఇంట్లో బట్టీ పెట్టడం చట్టవిరుద్ధం, ప్రాణాంతకం కూడా.

మూడో మెట్టు: మూలికల లికోర్లు

అనీస్‌లోనే అడవి మూలికలు నింపితే మధ్యధరా దీవుల "యెర్బాస్" వస్తుంది. ఈబీసా దీవిలో వాము రుచిని తలపించే తైమ్, రోజ్‌మేరీ, సోంపుకాడ, నిమ్మవాసన వచ్చే ఆకులు, హపుష (జూనిపర్) కాయలు వంటివెన్నో కలిపి నానబెడతారు. కొన్ని సీసాలలో కొమ్మ కొమ్మగానే లోపల నిలబడి కనిపిస్తుంది. మాయోర్కా దీవిలో ఇదే తీపిగా, కలగలుపుగా, తీపి తక్కువగా మూడు రకాలుగా దొరుకుతుంది. కలగలుపు అని అర్థమిచ్చే "మెస్క్లాదాస్" తో మొదలుపెడితే రెండు వైపుల రుచీ తెలుస్తుంది.

కటలూన్యా ప్రాంతపు రతాఫియా దీనికి వేరే పాయ. జూన్ 24న వచ్చే సెయింట్ జాన్ పండుగ వేళకు, పెంకు గట్టిపడని పచ్చి అక్రోటు కాయలు కోసి, మూలికలతో కలిపి సారాలో వేసి, పగలు ఎండ, రాత్రి మంచు తగిలేలా ఆరుబయట దాదాపు 40 రోజులు ఉంచుతారు. ఆ పద్ధతిని "సోల్ ఇ సెరేనా" అంటారు. ముదురు గోధుమరంగులో, లేహ్యంలా కాస్త మందువాసనతో ఉండే ఈ లికోర్ నచ్చితే చాలా నచ్చుతుంది, లేకపోతే లేదు. శాంతా కొలోమా దే ఫార్నెర్స్ పట్టణంలో ఏటా శీతాకాలపు ముంగిట దీనికోసం ఒక జాతరే జరుగుతుంది.

నాలుగో మెట్టు: గలీసియా నిప్పు

వాయవ్యాన ఉన్న గలీసియాకు వచ్చేసరికి సోంపు వెనక్కి తగ్గి ద్రాక్ష ముందుకు వస్తుంది. వైన్ కోసం రసం తీయగా మిగిలిన ద్రాక్ష తొక్కు, గింజల పిప్పిని బట్టీ పట్టి తీసే ఘాటైన సారా "ఒరూహో". దానికి మరో పేరు "అగ్వార్దియెంతే", అంటే మండే నీరు. ఒరూహో లికోర్ కాదు, లికోర్లకు తల్లి. దానిలో మూలికలు వేసి పసుపురంగుకు తెచ్చినది లికోర్ దే యెర్బాస్, కాఫీ నానబెట్టి తీపి చేసినది లికోర్ కఫే, మీగడ కలిపినది క్రేమా దే ఒరూహో. మొదటిసారి వచ్చినవారికి భోజనశాలల్లో ఎక్కువగా మీగడ రకమే పోస్తారు. అది ఐస్‌క్రీం దారి, పసుపు రకాన్ని అడిగి మరీ పోయించుకోండి.

ఈ సారాను బహిరంగంగా మండించి తాగే తంతు "కెయిమాదా". మట్టిపాత్రలో ఒరూహో పోసి, లీటరుకు 120 నుండి 150 గ్రాముల చక్కెర, నిమ్మతొక్క ముక్కలు, గుప్పెడు కాఫీ గింజలు వేస్తారు. పొడవాటి గరిటెలో కాస్త చక్కెర, సారా తీసుకుని అంటించి, ఆ మంటను పాత్రలోకి దించుతారు. దీపాలు ఆర్పేసిన చీకట్లో గరిటెతో ఎత్తి పోస్తుంటే నీలిమంట ధారగా జారుతుంది. మంత్రగత్తెలను, దయ్యాలను తరిమే మంత్రం ఒకటి బిగ్గరగా చదువుతారు. ఇదంతా వేల ఏళ్ల నాటి కెల్ట్ జాతి ఆచారమని చెప్పుకోవడం పరిపాటి. నిజానికి ఆ మంత్రం 1967లో మరియానో మార్కోస్ అబాలో రాసినది, పాత్ర రూపం 1955లో తీతో ఫ్రెయిరే గీసినది. పాతది కాకపోయినంత మాత్రాన ఆ నీలిమంట అందం తగ్గదు. అయితే అపార్ట్‌మెంట్ వంటగదిలో దీనిని చేయవద్దు. గచ్చు నేల మీద, ఆరుబయట, పాత్రకు సరిపోయే మూత చేతిలో పెట్టుకుని, మండుతున్న పాత్రలోకి సీసాతో మళ్లీ సారా పోయకుండా చేయగలిగితేనే చేయాలి.

ఐదో మెట్టు: కాఫీతో కలిసినవి

కాఫీ తాగే ఇంటికి ఈ మెట్టు కష్టం కాదు. ఆగ్నేయాన కార్తహేనాలో 1946లో సమోరా కుటుంబం మొదలుపెట్టిన "లికోర్ 43" వనిల్లా, నారింజ వాసనలతో, 31 శాతం ఆల్కహాలుతో ఉంటుంది. 43 దినుసులు వేస్తారని చెప్పుకుంటారు, పేరులోని అంకె అదే. విడిగా తాగితే మరీ తీపి అనిపిస్తుందని నా అభిప్రాయం, కాఫీ చేదు తగిలినప్పుడే దాని విలువ తెలుస్తుంది. ఆ ప్రాంతంలోనే పుట్టిన "అసియాతికో"లో తీపి చిక్కపాలు, బ్రాందీ, ఈ లికోర్, కాఫీ, దాల్చినపొడి, నిమ్మతొక్క కలుస్తాయి.

ఇంట్లో చేయడానికి కానరీ దీవుల్లోని తెనెరీఫే వారి "బర్రాకీతో" ఇంకా సులువు. సన్నని గాజు గ్లాసు అడుగున మన ఇళ్లలో మిల్క్‌మెయిడ్ అని పిలిచే చిక్కపాలు రెండు చెంచాలు వేయండి. చెంచా వీపు మీదుగా 20 మిల్లీలీటర్ల లికోర్ జార్చండి. తరువాత చిక్కని ఎస్ప్రెసో, ఆపైన వేడిపాల నురగ అదే విధంగా వదిలి, దాల్చినపొడి చల్లి, నిమ్మతొక్క ముక్క వేయండి. చేయి వణకకపోతే తెలుపు, బంగారం, నలుపు, మళ్లీ తెలుపు పొరలు విడివిడిగా నిలుస్తాయి. పొరలు చూడటానికే, తాగేముందు అడుగు నుండి కలపాలి. మన ఫిల్టర్ డికాక్షన్ చిక్కగా దించుకుంటే ఎస్ప్రెసో యంత్రం లేని లోటు తెలియదు.

కాఫీని నేరుగా సారాలో నానబెట్టినవి రుచి చూడదగిన మరో జాతి. అలికాంతే ప్రాంతపు అల్కోయ్ పట్టణంలో కఫే లికోర్‌ను పండుగల్లో నిమ్మపానీయంతోనో కోలాతోనో కలిపి తాగుతారు. క్వెన్కాలో ఈస్టర్‌కు ముందరి పవిత్రవారం వచ్చిందంటే కాఫీ, దాల్చినచెక్క, నారింజతొక్కతో చేసే "రెసోలి" బయటికి వస్తుంది. కొండ అంచున వేలాడే ఆ ఊరి ఇళ్ల ఆకారంలోనే దాని సీసాలు చేస్తారు.

ఆరో మెట్టు: పాలో చేదు

మాయోర్కా వారి "పాలో" ఆఖరున ఉంచడానికి కారణముంది. సింకోనా బెరడు, జెన్షియన్ వేరు, మాడ్చిన చక్కెరతో చేసే ఈ నల్లని లికోర్ మొదట బెల్లం పాకంలా తగిలి, చివర్లో నేలవేములా పట్టుకుంటుంది. దీవిలో చలిజ్వరాలకు మందుగా పుట్టినది ఇది. ఐసు వేసి, మూడింతల సోడా పోసి భోజనానికి ముందు తాగడం వాడుక. మన మెట్లలో భోజనానికి ముందు వచ్చేది ఇదొక్కటే.

ఇక్కడ మొదటి మెట్టు, ఆరో మెట్టు విచిత్రంగా కలుస్తాయి. పెరూలో ఈ బెరడుతో జ్వరం తగ్గిందని కథలో చెప్పే చిన్చోన్ ప్రభువు భార్య పేరునే వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1742లో ఆ చెట్టుకు పెట్టాడు. కథను చరిత్రకారులు నమ్మరు గానీ పేరు నిలిచిపోయింది, అనీస్ ఊరి పేరే చేదు చెట్టుదీ అయింది. ఆ బెరడు తగ్గించిన జ్వరానికి మూలమైన పరాన్నజీవిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ కనిపెట్టినది 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాదులో.

కొనడం, తేవడం, దాచడం

భారతదేశానికి తిరిగి వచ్చేటప్పుడు ఒక్కొక్కరు సుంకం లేకుండా రెండు లీటర్ల మద్యం తెచ్చుకోవచ్చు. 70 శాతం దాటిన సారాను విమానంలో అసలు అనుమతించరు కనుక ఘాటైన చిన్చోన్ మీద ఆశ వదులుకోవాలి. రెండు లీటర్లలో నా ఎంపిక పచరాన్ ఒకటి, మాయోర్కా యెర్బాస్ ఒకటి. తెరిచిన సీసాలను ఎండ తగలని చోట నిలబెట్టే ఉంచాలి, మీగడ రకాన్ని ఫ్రిజ్‌లో పెట్టి త్వరగా ముగించాలి. మందులు వాడుతున్నవారు ముందు వైద్యుణ్ని అడగాలి, బండి నడపవలసినవారు ఒక్క చుపీతో కూడా ముట్టకూడదు.

అనీస్ సీసా ఖాళీ అయితే పారేయకండి. బార్సెలోనా పక్కన బదలోనాలో 1870 నుండి చేస్తున్న "అనీస్ దెల్ మోనో" సీసా ఒంటినిండా వజ్రాకారపు గరుకు చెక్కడం ఉంటుంది. లేబుల్ మీది కోతి ముఖం డార్విన్‌ను పోలి ఉంటుందని ప్రతీతి. చిత్రకారుడు హువాన్ గ్రీస్ 1914లో ఈ సీసాను బొమ్మలోకి ఎక్కించాడు. క్రిస్మస్ రాత్రి స్పెయిన్ ఇళ్లలో ఈ ఖాళీ సీసాను ఎడమచేత పట్టుకుని, చెంచా కాడను ఆ గరుకు మీద పైకీ కిందికీ గీస్తూ పాటలకు తాళం వేస్తారు. సీసా పూర్తిగా ఆరి, మూత తీసి ఉంటే మోత ఇంకా బాగా పలుకుతుంది.